కొత్త ప్రొడక్ట్ వచ్చింది: షేర్ ధరను నమ్మాలా, వాడినవాళ్లను నమ్మాలా?

పెద్ద టెక్ కంపెనీ ఏదైనా కొత్త ప్రొడక్ట్ ప్రకటించగానే రెండు రకాల వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. షేర్ ఇంత పెరిగిందనో పడిందనో ఒకటి చెబుతుంది. జనం తెగ మెచ్చుకుంటున్నారనో మండిపడుతున్నారనో ఇంకొకటి చెబుతుంది. చాలాసార్లు ఈ రెండింటికీ పొంతన ఉండదు. ఒక్కోసారి షేర్ ధరకు నిన్నటి తన మాటతోనే పొంతన ఉండదు. 2024 జూన్ 10న యాపిల్ తన ఏఐ ఫీచర్లను చూపించిన రోజు షేర్ సుమారు 2 శాతం తగ్గింది. మర్నాడు 7 శాతం పెరిగి రికార్డు స్థాయిలో ముగిసింది. ఆ ఒక్క రాత్రిలో ప్రొడక్ట్‌లో మారిందేమీ లేదు. ఆ ఫీచర్లు అప్పటికి మామూలు వినియోగదారుల చేతికి రానేలేదు. అందరూ ఎక్కువగా ఎదురుచూసిన కొత్త సిరి అయితే 2025 మార్చిలో వాయిదా పడింది.

ఆ వస్తువు కొనాలా ఆగాలా, ఉన్న షేర్ అమ్మాలా ఉంచాలా అని ఆలోచించేవాళ్లకు ఇలాంటప్పుడు టెన్షన్ తప్పదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఇన్వెస్టర్లూ వినియోగదారులూ ఒకే వస్తువును చూస్తూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నారు. మీ ప్రశ్న ఏదో ముందు తేల్చుకుంటే, ఎవరి మాట వినాలో దాదాపుగా తేలిపోతుంది.

## దేన్ని బట్టి తూకం వేయాలి

ఏ స్పందననైనా నాలుగు విషయాలు అడిగి చూడండి.

అది ఏ ప్రశ్నకు జవాబు? "ఈ కంపెనీ రాబోయే ఏళ్లలో సంపాదించేది, నిన్నటిదాకా మనం అనుకున్నదానికంటే ఎక్కువా తక్కువా?" అన్నది ఇన్వెస్టర్ ప్రశ్న. "ఇది నా పనికొస్తుందా, పెట్టే డబ్బుకు తగ్గట్టు ఉందా?" అన్నది వినియోగదారుడి ప్రశ్న. ప్రొడక్ట్ చాలా బాగుండి కూడా అంచనాలు అంతకంటే పైన ఉంటే షేర్ పడుతుంది. ప్రొడక్ట్ అంతంతమాత్రంగా ఉన్నా, అందరూ అంతకంటే ఘోరంగా ఊహించి ఉంటే షేర్ పెరుగుతుంది.

మాట్లాడేవాళ్లు దాన్ని వాడారా? లాంచ్ రోజున ఇన్వెస్టర్లు, విశ్లేషకులు, కామెంట్లు పెట్టేవాళ్లు చూసేది వేదిక మీద జరిగిన డెమో మాత్రమే. వాడిన అనుభవం వాళ్లెవరికీ ఉండదు.

ఆ మాట కోసం వాళ్లు ఏం పణంగా పెట్టారు? నాలుగింటిలో నేను ఎక్కువ బరువు ఇచ్చేది దీనికే. కోపంగా ఒక కామెంట్ రాయడానికి ఖర్చేమీ కాదు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగే అడ్వాన్సు కట్టడానికి కొంచెమే అవుతుంది. కొన్న వస్తువును తిరిగి ఇచ్చేయడం, ఏళ్లుగా ఉన్న సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోవడం, ఇన్నాళ్లూ బాగుందని చెప్పిన ప్రొడక్ట్ మీద కంపెనీ తానే తన లెక్కల్లో నష్టం రాసుకోవడం, వీటికి నిజమైన ఖర్చు ఉంది. ఖర్చు పెరిగేకొద్దీ మాట బరువు పెరుగుతుంది.

ఆ మాట ఎప్పుడు అందుతుంది? నమ్మదగిన సమాచారం ఆలస్యంగానే వస్తుంది. మీ నిర్ణయం ఎన్నాళ్లు ఆగగలదో చూసుకోవాలి.

## లాంచ్ రోజు షేర్ ధర

దీని గొప్పతనం వేగం. లక్షలమంది డబ్బుతో ఇచ్చే తీర్పు నిమిషాల్లో కనిపిస్తుంది. ఒక్కోసారి అది చాలా దూరం చూస్తుంది కూడా. 2007 జనవరి 9న మొదటి ఐఫోన్‌ను చూపించిన రోజు యాపిల్ షేర్ 8 శాతం పెరిగింది. అదే రోజు బ్లాక్‌బెర్రీ తయారుచేసే రిసెర్చ్ ఇన్ మోషన్ షేర్ దాదాపు అంతే పడింది. ఆ ఫోన్ అమ్మకానికి రావడానికి ఇంకా ఐదు నెలలు పైనే ఉంది. అయినా ఎవరికి లాభమో, ఎవరికి దెబ్బో మార్కెట్ ఆ రోజే పసిగట్టింది.

అయితే ఈ ఉదాహరణ చూసి ప్రతిసారీ అలాగే జరుగుతుందని అనుకోకూడదు. షేర్ ధర ఆ ఒక్క ప్రొడక్ట్‌ది కాదు, కంపెనీ మొత్తానిది. 2019 నవంబర్‌లో టెస్లా సైబర్‌ట్రక్‌ను చూపిస్తూ, పగలదని చెప్పిన అద్దం వేదిక మీదే పగిలింది. మర్నాడు షేర్ 6 శాతం పడింది. మూడు నెలలు తిరగకుండానే అదే షేర్ రెట్టింపు దాటింది. ఆ పెరుగుదలకు ట్రక్కుతో సంబంధం లేదు. ఎందుకంటే మొదటి ట్రక్కులు కొన్నవాళ్లకు అందింది 2023 నవంబర్ 30న, అంటే నాలుగేళ్ల తర్వాత. ఆ పడడాన్ని చూసిగానీ, ఆ పెరగడాన్ని చూసిగానీ ట్రక్కు గురించి తేల్చుకోవడానికి ఏమీ లేదు.

గూగుల్ ఏఐ చాట్‌బాట్ బార్డ్ సంగతి ఇంకా బాగా ఆలోచించదగ్గది. 2023 ఫిబ్రవరిలో దాని ప్రచార ప్రకటనలోనే జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గురించి ఒక తప్పు జవాబు దొర్లింది. ఫిబ్రవరి 8న గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ విలువలో సుమారు 10,000 కోట్ల డాలర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక టెలిస్కోప్ గురించిన తప్పుకు అంత మూల్యమా అని చాలామంది ఆశ్చర్యపోయారు. ఇన్వెస్టర్ల భయం టెలిస్కోప్ గురించి కాదు. మైక్రోసాఫ్ట్ ఏఐతో సెర్చ్‌లోకి దూసుకొస్తున్నప్పుడు గూగుల్ తడబడుతోందేమో, దాని ప్రధాన ఆదాయానికే ముప్పేమో అన్నది వాళ్ల భయం. ఏడాది దాటాక, 2024 ఏప్రిల్‌లో, ఆల్ఫాబెట్ విలువ 2 లక్షల కోట్ల డాలర్లు దాటింది. మామూలు వినియోగదారుడికి మాత్రం ఆ సంఘటన ఇంకో పాఠం చెప్పింది: ఇలాంటి ప్రోగ్రాం ఎంత ధీమాగా చెప్పినా సరిచూసుకోకుండా నమ్మకూడదు. ఇన్వెస్టర్ భయం తగ్గిపోయింది, వినియోగదారుడి పాఠం ఈనాటికీ పనికొస్తుంది.

మరి లాంచ్ రోజు ధర ఎప్పుడు ఎక్కువ చెబుతుంది? కంపెనీ బతుకు మొత్తం ఆ ఒక్క ప్రొడక్ట్ మీదే ఆధారపడినప్పుడు. 2013 జనవరి 30న బ్లాక్‌బెర్రీ జెడ్10 ఫోన్ విడుదల ప్రకటించిన రోజే షేర్ 12 శాతం పడింది. ఆ సెప్టెంబర్‌కల్లా, ముఖ్యంగా అమ్ముడుపోని జెడ్10ల వల్ల, కంపెనీ 93.4 కోట్ల డాలర్ల నష్టం రాసుకోవాల్సి వచ్చింది. అందుకే షేర్ కదలికను చూసే ముందు ఒక్క లెక్క వేసుకోండి: కంపెనీ ఆదాయంలో ఈ ప్రొడక్ట్ వాటా ఎంత కాగలదు? అది చిన్నదైతే ఆ రోజు కదలికను వదిలేయవచ్చు.

## ప్రీ-ఆర్డర్లు

వీటి మీద నాకు నమ్మకం తక్కువ. సైబర్‌ట్రక్ బుకింగ్‌కు కట్టాల్సింది 100 డాలర్లు, అదీ అడిగితే తిరిగి ఇచ్చేసేదే. 2019లో మొదలు ధర 39,900 డాలర్లన్నారు. డెలివరీల నాటికి అది 60,990 డాలర్లకు చేరింది. పాత ధర చూసి పేరు రాయించుకున్నవాళ్లందరినీ కొనుగోలుదారుల లెక్కలో వేయడం కుదరదు. బుకింగ్ సంఖ్య చెప్పినప్పుడల్లా అడ్వాన్సు ఎంత, వెనక్కి వస్తుందా అని చూడండి. ఆసక్తి ఎంత ఉందో ప్రీ-ఆర్డర్లు చూపిస్తాయి. ప్రొడక్ట్ ఎలా ఉందో చెప్పలేవు, దాన్ని అప్పటికి ఎవరూ వాడలేదు కాబట్టి.

## మొదటి వారం రివ్యూలు

రివ్యూ రాసేవాళ్లకు వస్తువు చేతికి వస్తుంది. పాత మోడళ్లతో పోల్చిచూసే అనుభవం ఉంటుంది. కానీ వాళ్ల దగ్గర ఉండేది ఒక్క పీసు, కొద్ది రోజుల సమయం. ఈ రెండు పరిమితులూ ఎంత దూరం తీసుకెళ్తాయో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 చూపించింది. 2016 ఆగస్టు 19న వచ్చిన ఆ ఫోన్‌ను రివ్యూలు బాగా పొగిడాయి. బ్యాటరీలు కాలిపోతుండడంతో సెప్టెంబర్ 2న అమ్మిన ఫోన్లను వెనక్కి తీసుకోవడం (రీకాల్) మొదలైంది. వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లు కూడా కాలిపోవడంతో అక్టోబర్ 11న తయారీయే ఆగిపోయింది. ఆ రివ్యూలు అబద్ధాలు కావు. వేలల్లో ఒక ఫోన్‌లో బయటపడే బ్యాటరీ లోపం ఒక్క ఫోన్ పట్టుకున్న మనిషికి కనబడదు, అంతే.

అదే కంపెనీ 2019 ఏప్రిల్‌లో మడతపెట్టే ఫోన్ గెలాక్సీ ఫోల్డ్‌ను రివ్యూలకు ఇచ్చినప్పుడు కొందరి స్క్రీన్లు రెండు మూడు రోజుల్లోనే పాడయ్యాయి. విడుదల ఆపి, మార్పులు చేసి సెప్టెంబర్‌లో తెచ్చారు. డబ్బు పెట్టబోయేవాళ్లను అక్కడ కాపాడింది రివ్యూలే.

ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచే పద్ధతి ఇది: రివ్యూలలో మెచ్చుకోలు కంటే ఫిర్యాదుకు ఎక్కువ విలువ ఇవ్వండి. కొద్ది రోజుల్లోనే బయటపడ్డ లోపం మీకూ ఎదురయ్యే అవకాశం ఎక్కువ. కొద్ది రోజుల్లో కనబడని లోపం లేనట్టు కాదు. బట్టలకు తగిలించుకుని మాటలతో వాడే పరికరం హ్యూమేన్ ఏఐ పిన్ 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు రివ్యూలు దాదాపు ముక్తకంఠంతో వద్దన్నాయి. నెమ్మది, వేడెక్కడం, తప్పు జవాబులు, ఇవన్నీ మొదటి వారంలోనే బయటపడ్డాయి. ఆ ఫిర్యాదులే చివరిదాకా నిలిచాయి.

ఇంకో విషయం తప్పక చూడండి. రివ్యూ చేసినవాళ్ల పరిస్థితీ మీ పరిస్థితీ ఒకటేనా? 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 గేమ్ విడుదలకు ముందు రివ్యూలకు ఇచ్చింది కంప్యూటర్ మీద ఆడే కాపీలే. మార్కులు బాగా పడ్డాయి. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లు కొని చూస్తే గేమ్ నడవడమే కష్టమైంది. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. 80 లక్షలమంది ముందే ఆర్డర్ ఇచ్చిన గేమ్ అది. అంతమంది కలిసి ఇచ్చిన ఆర్డర్లు కూడా వాళ్లలో ఎవరినీ కాపాడలేకపోయాయి.

## వినియోగదారుల గోల

అందరూ తడబడేది ఇక్కడే, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. కొత్త డిజైనో, కొత్త ధరో, కొత్త రూలో రాగానే గోల మొదలవుతుంది. పిటిషన్లు, మానేస్తామన్న బెదిరింపులు, ట్రెండింగ్ హ్యాష్‌ట్యాగులు. కొన్నిసార్లు ఆ గోల వట్టిపోతుంది, కొన్నిసార్లు కంపెనీ పునాదులే కదులుతాయి. ముందే తేడా పట్టుకోవడం ఎలా?

2006 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్, స్నేహితుల విశేషాలన్నీ ఒకేచోట చూపించే న్యూస్ ఫీడ్‌ను తెచ్చినప్పుడు వ్యతిరేక గ్రూపుల్లో లక్షలమంది చేరారు. అప్పటి ఫేస్‌బుక్ పరిమాణానికి అది చిన్న సంఖ్య కాదు. కంపెనీ ప్రైవసీ సెట్టింగులు కొన్ని చేర్చింది కానీ ఫీడ్‌ను తీసేయలేదు. తిడుతూనే జనం అంతకుముందుకంటే ఎక్కువ సమయం అక్కడే గడిపారు. ఆ ఫీడే తర్వాత కంపెనీ ఆదాయానికి మూలమైంది.

నెట్‌ఫ్లిక్స్‌కు రెండుసార్లు గోల ఎదురైంది, రెండుసార్లూ ఫలితం వేరు. 2011లో డీవీడీలను, స్ట్రీమింగ్‌ను విడదీసి, రెండూ కావాలంటే నెలకు 9.99 డాలర్ల బదులు 15.98 డాలర్లు అంది. సెప్టెంబర్‌లో డీవీడీలకు క్విక్‌స్టర్ అనే వేరే పేరు పెడతామంది, అక్టోబర్‌లో ఆ ఆలోచన మానుకుంది. జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో అమెరికాలో 8 లక్షలమంది మానేశారు. జులైలో 300 డాలర్ల దగ్గర ఉన్న షేర్ నవంబర్ చివరికి నాలుగో వంతుకు దిగింది. 2023లో పాస్‌వర్డ్ పంచుకోవడాన్ని కట్టడి చేసినప్పుడు కూడా కోపం అంతే తీవ్రంగా కనబడింది. కానీ ఆ ఏప్రిల్-జూన్‌లో 59 లక్షలమంది, తర్వాతి మూడు నెలల్లో 88 లక్షలమంది కొత్తగా చేరారు. 2011లో కోపం వచ్చింది డబ్బు కట్టేవాళ్లకు. 2023లో కోపం వచ్చినవాళ్లలో చాలామంది అప్పటిదాకా ఇంకొకరి ఖాతాలో చూసినవాళ్లు. పోవడానికి వాళ్ల దగ్గర సబ్‌స్క్రిప్షనే లేదు, చేరడానికి మాత్రం కారణం దొరికింది.

స్నాప్‌చాట్ 2018 మార్పు వీటి మధ్యలో ఉంటుంది. కొత్త డిజైన్ వద్దంటూ 12 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఫిబ్రవరిలో ఒక సెలబ్రిటీ తాను ఇక యాప్ తెరవడం లేదన్నట్టు ట్వీట్ చేయగానే షేర్ 6 శాతం పడింది. ఆ ట్వీట్‌కంటే పిటిషనే గట్టి ఆధారం, ఎందుకంటే అది రోజూ వాడేవాళ్ల మాట. ఆగస్టులో అసలు లెక్క వచ్చింది: రోజువారీ వాడేవాళ్లు 19.1 కోట్ల నుంచి 18.8 కోట్లకు తగ్గారు. కంపెనీ డిజైన్ సరిదిద్దుకున్నాక 2019లో సంఖ్య మళ్లీ పెరిగింది.

ఇక స్పీకర్ల కంపెనీ సోనోస్. 2024 మే 7న స్పీకర్లు నడిపే యాప్‌ను పూర్తిగా మార్చింది. అలారం, స్లీప్ టైమర్ లాంటి రోజూ వాడే సౌకర్యాలు కొత్త యాప్‌లో మాయమయ్యాయి. స్పీకర్లే సరిగా దొరకడం లేదని చాలామంది మొత్తుకున్నారు. జులైలో సీఈఓ క్షమాపణ చెప్పారు. ఆగస్టులో మరమ్మతుకు 2 నుంచి 3 కోట్ల డాలర్లు అవుతాయని, రెండు కొత్త ప్రొడక్టులు వాయిదా వేస్తున్నామని కంపెనీ చెప్పింది. 2025 జనవరిలో ఆ సీఈఓ పదవి నుంచి తప్పుకున్నారు. మే నెలలో వినియోగదారులు చెప్పింది లెక్కల్లోకి రావడానికి ఆగస్టు అయింది. వాళ్ల మాట శ్రద్ధగా విన్న ఇన్వెస్టర్‌కు మూడు నెలల ముందే హెచ్చరిక దొరికింది.

వీటన్నింటినీ పక్కపక్కన పెడితే నేను అడిగే ప్రశ్నలు మూడు:

- అలవాటు పోయిందని కోపమా, పని ఆగిపోయిందని కోపమా? న్యూస్ ఫీడ్‌లో పోయింది అలవాటు. సోనోస్‌లో ఆగింది పని. రెండో రకం కోపం చల్లారదు.
- కోపం వచ్చినవాళ్లు డబ్బు కడుతున్నారా?
- వాళ్లు వెళ్లడానికి ఇంకో చోటు ఉందా, వెళ్తే వాళ్లకు ఎంత నష్టం? స్నేహితులంతా ఉన్న చోటును వదలడం కష్టం. నెలవారీ చందా మానేయడం తేలిక.

## కొన్నాళ్లు వాడినవాళ్ల మాట

వస్తువు కొనేవాళ్లకు ఇంతకు మించిన ఆధారం లేదని నా నమ్మకం. సొంత డబ్బు పెట్టి, నెలో రెండు నెలలో వాడినవాళ్లు బ్యాటరీ ఎలా దిగుతోందో, అప్‌డేట్ తర్వాత ఏం పాడైందో, ఇంకా రోజూ వాడుతున్నారో లేదో చెప్పగలరు. మొదటి రోజు అభిప్రాయాలు ఎంత తలకిందులవుతాయో 2010 ఐప్యాడ్ చూపించింది. జనవరిలో ప్రకటించగానే "పెద్ద సైజు ఐఫోనే కదా" అన్నవాళ్లు ఎందరో. ఏప్రిల్ 3న అమ్మకాలు మొదలయ్యాక 28 రోజుల్లో 10 లక్షలు, 80 రోజుల్లో 30 లక్షలు అమ్ముడయ్యాయి.

ఇక్కడ మాటలకంటే చేతలు చూడండి. తిరిగి ఇచ్చేస్తున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారా? కొద్దిగా వాడిన పీసులు సెకండ్ హ్యాండ్‌లో బాగా తక్కువ ధరకు, గుట్టలుగా కనబడుతున్నాయా? ఐదు స్టార్ల రేటింగులకంటే ఈ రెండూ నిక్కచ్చిగా మాట్లాడతాయి. రేటింగులు చదివితే మూడు స్టార్లవి చదవండి. నచ్చినదీ నచ్చనిదీ రెండూ రాసేది సాధారణంగా వాళ్లే.

## త్రైమాసిక ఫలితాలు

ఆలస్యంగా వస్తాయి కానీ, వీటిలో కంపెనీ ఒప్పుకునే నష్టం కంటే గట్టి సాక్ష్యం ఉండదు. అమెజాన్ ఫైర్ ఫోన్ 2014 జులైలో మార్కెట్‌లోకి వచ్చింది, సెప్టెంబర్‌కే మొబైల్ సర్వీస్ కాంట్రాక్టుతో కలిపి కొనే ధర 199 డాలర్ల నుంచి 99 సెంట్లకు పడింది. అక్టోబర్‌లో ఆ ఫోన్ల వల్ల 17 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. మైక్రోసాఫ్ట్ 2013 జులైలో సర్ఫేస్ ఆర్‌టీ టాబ్లెట్ల నిల్వల మీద 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకున్న ఫలితాలు ప్రకటించాక, మర్నాడు షేర్ 11 శాతం పైగా పడింది.

వీటిలోనూ చీకటి మూలలున్నాయి. యాపిల్ 2018 చివరి నుంచి ఐఫోన్లు ఎన్ని అమ్మిందో చెప్పడం మానేసింది. వాచ్ అమ్మకాలు ఇతర వస్తువులతో కలిపిన పద్దులో ఉంటాయి. పద్దు విడిగా ఉన్నా షేర్ దాని వెంట నడుస్తుందని లేదు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన వీఆర్ (వర్చువల్ రియాలిటీ) విభాగం రియాలిటీ ల్యాబ్స్ లెక్కలు విడిగా ఇస్తుంది. 2021లో ఆ విభాగం నష్టం సుమారు 1,020 కోట్ల డాలర్లు, 2023లో సుమారు 1,610 కోట్లు. 2022 ఫిబ్రవరి 3న షేర్ 26 శాతం కూలింది, దానికి ఈ ఖర్చుతోపాటు ఫేస్‌బుక్ రోజువారీ వాడకందారులు తగ్గడం కూడా కారణం. 2023లో అదే షేర్ దాదాపు మూడింతలైంది, వీఆర్ నష్టం మాత్రం ఇంకా పెరిగింది. షేర్ పెరిగింది కాబట్టి హెడ్‌సెట్లు జనానికి నచ్చాయని అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

## ఒక్క చూపులో

| సంకేతం | ఏం చెబుతుంది | వాడి చెప్పేదేనా | పణం | ఎప్పుడు | ఎక్కడ తప్పుతుంది |
|---|---|---|---|---|---|
| లాంచ్ రోజు షేర్ ధర | అంచనాతో పోలిస్తే కంపెనీ లాభం | కాదు | ఎక్కువ | వెంటనే | ప్రొడక్ట్ చిన్నది, కంపెనీ పెద్దది అయినప్పుడు |
| ప్రీ-ఆర్డర్లు | ఆసక్తి | కాదు | అడ్వాన్సును బట్టి | రోజుల్లో | అడ్వాన్సు తిరిగి వచ్చేదైతే |
| మొదటి రివ్యూలు | పైకి కనిపించే మంచిచెడులు | అవును, కొద్ది రోజులు | రాసేవారి పేరు | లాంచ్ సమయంలో | మన్నిక, అరుదైన లోపాలు |
| వినియోగదారుల గోల | అసంతృప్తి ఎక్కడుందో | కొందరు | చాలా తక్కువ | గంటల్లో | అలవాటు కోపాన్ని నష్టంగా లెక్కేస్తే |
| కొన్నాళ్లు వాడినవాళ్లు | రోజువారీ ఉపయోగం | అవును | సొంత డబ్బు | 1-3 నెలలు | మీ అవసరం వాళ్లది కాకపోతే |
| త్రైమాసిక ఫలితాలు | నిజంగా వచ్చిన, పోయిన డబ్బు | వర్తించదు | చాలా ఎక్కువ | 3-6 నెలలు | పద్దులు కలిపేసినప్పుడు |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

వస్తువు కొనాలనుకుంటే: షేర్ వార్తలు పక్కన పెట్టండి. మొదటి రివ్యూలలో ఫిర్యాదులు చదవండి, వీలైతే రెండు నెలలు ఆగి వాడినవాళ్ల మాట వినండి. ఆగితే ధర కూడా కలిసిరావచ్చు. మొదటి ఐఫోన్ వచ్చిన రెండు నెలలు దాటగానే యాపిల్ ధరను 200 డాలర్లు తగ్గించింది. ముందే కొన్నవాళ్లు గగ్గోలు పెట్టాక 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇచ్చింది.

ఇన్వెస్టర్ల వైపు తొంగిచూడాల్సిన సందర్భం ఒకటుంది: కంపెనీ సర్వర్లు లేకపోతే వస్తువు పనిచేయదన్నప్పుడు. 699 డాలర్లు, నెలకు 24 డాలర్ల చందా కట్టి ఏఐ పిన్ కొన్నవాళ్లకు, హ్యూమేన్ తన ఆస్తులను హెచ్‌పీకి అమ్మేశాక, 2025 ఫిబ్రవరి 28 నుంచి ఆ వస్తువు పనికిరాకుండా పోయింది. ఇది చిన్న కంపెనీల బెడద మాత్రమే అనుకోవద్దు. గూగుల్ గేమింగ్ సర్వీస్ స్టేడియా 2019 నవంబర్‌లో మొదలై 2023 జనవరిలో మూతపడింది. గూగుల్ చాలావరకు డబ్బు తిరిగి ఇచ్చింది, అన్ని కంపెనీలూ ఆ పని చేస్తాయన్న భరోసా లేదు. కంపెనీకి డబ్బుందా అనేది ఒక్కటే చూస్తే చాలదు, ఈ ప్రొడక్ట్ ఆ కంపెనీకి ముఖ్యమా అనేదీ చూడాలి.

చేతిలో షేర్ ఉంటే: లాంచ్ రోజున ఏమీ చేయకపోవడమే చాలాసార్లు మంచిది. ఆదాయంలో వాటా లెక్క వేసుకోండి. వాడేవాళ్ల గోల ఉంటే పైన చెప్పిన మూడు ప్రశ్నలు అడగండి. పని ఆగిపోయిన కోపం, డబ్బు కట్టేవాళ్ల కోపం అయితే తర్వాతి ఫలితాల దాకా ఆగకుండా మీ అంచనాలు మళ్లీ రాసుకోండి. అలవాటు కోపమైతే రోజువారీ వాడకం లెక్క వచ్చేదాకా ఓపిక పట్టండి.

ప్రొడక్ట్ నచ్చి షేర్ కొనాలనిపిస్తే: ఇక్కడ నేను గట్టిగానే వారిస్తాను. మీకు నచ్చడం వినియోగదారుడి ప్రశ్నకు జవాబు, ఇన్వెస్టర్ ప్రశ్నకు కాదు. అడుగులు లెక్కపెట్టే ఫిట్‌బిట్‌లను ఇష్టపడి ఏళ్ల తరబడి చేతికి పెట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. 2015 జూన్‌లో 20 డాలర్లకు మార్కెట్‌లోకి వచ్చిన ఆ షేర్‌కు 2019 నవంబర్‌లో కంపెనీని కొనడానికి గూగుల్ ఒప్పుకున్న ధర 7.35 డాలర్లు. పోటీ కంపెనీలు అదే వస్తువు చేయగలవా, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ డబ్బు కడతారా అన్న ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఆగండి.

రోజూ వాడే యాప్ మీ ప్రమేయం లేకుండా మారిపోతే: ఒక వారం కొత్తదాన్ని వాడి చూసి, మీకు పోయింది అలవాటా, పనా అని మీరే తేల్చుకోండి. పని ఆగితే కంపెనీ ఒక తేదీ చెప్పి సరిచేస్తానందా అని చూడండి. తేదీ చెప్పకపోతే మీ డేటాను బయటకు తీసి దాచుకుని, ప్రత్యామ్నాయం వెతకడం మొదలుపెట్టండి. మీ గొంతు కలపాలనుకుంటే కామెంట్‌కంటే రద్దు చేసుకునేటప్పుడు రాసే కారణానికి బరువెక్కువ. అది కంపెనీ లెక్కల్లోకి ఎక్కుతుంది.

ఆ కంపెనీలోనే పనిచేస్తూ, షేర్లు జీతంలో భాగంగా వస్తుంటే: మీకు ప్రొడక్ట్ మీద ప్రేమ ఉంటుంది, లోపలి ఉత్సాహం రోజూ చెవిన పడుతుంది, జీతమూ పొదుపూ రెండూ ఒకే చోట ఉంటాయి. బయట వాడేవాళ్ల మాట మీకే అందరికంటే ఎక్కువ అవసరం. లాంచ్‌కు ముందే, మనసు కుదురుగా ఉన్నప్పుడే, ఎన్ని షేర్లు ఉంచుకోవాలో, ఎన్ని అమ్మాలో కాగితం మీద రాసుకోండి. ఉద్యోగులు షేర్లు అమ్మడానికి కంపెనీ పెట్టిన గడువుల నిబంధనలు ముందే చదివి, ఆ తేదీలు కూడా దాని పక్కనే రాసుకోండి.